పల్లె సంఘానికి కన్సల్టెంట్: పిలవడం నుంచి సాగనంపడం దాకా

నర్సంపేట దగ్గర ఒక ఊరి మహిళా సంఘం బీరువాలో స్పైరల్ బైండింగ్ చేసిన నివేదిక ఒకటి ఉంది. 80 పేజీల పైమాటే. మొత్తం ఇంగ్లిషు. రంగుల పటాలు, బాణం గుర్తులు, చివర మూడేళ్ల ఆదాయ అంచనా. దాన్ని రాయించింది మా స్వచ్ఛంద సంస్థే, డబ్బు కట్టిందీ మేమే. ఏడాది తర్వాత ఆ సంఘం అధ్యక్షురాలు దాన్ని నా చేతిలో పెట్టి, "ఇందులో మా గురించి ఏమి రాశారో ఒకసారి చదివి చెప్పండి సార్" అన్నారు. చదివి చెప్పాను. సగం దాకా విని ఆమె ఆపేశారు. "ఇవన్నీ మేము చెప్పినవే కదా!"

కన్సల్టెంట్ మోసగాడు కాడు, బాగా చదువుకున్న మనిషి. పొరపాటు మాదే. ఏమి కావాలో మేము తేల్చుకోలేదు, నివేదిక ఎవరి కోసమో చెప్పలేదు, ఆయన వెళ్లాక ఆ పని ఎవరు చేస్తారో ఆలోచించలేదు. తర్వాతి సంవత్సరాల్లో మరికొందరితో పనిచేస్తూ నేర్చుకున్న పద్ధతి ఇది. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో గ్రామ సమాఖ్యలకో, పొదుపు సహకార సంఘాలకో, రైతు కంపెనీలకో అండగా ఉండే చిన్న సంస్థల వారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. సంఘాలు తామే నేరుగా కన్సల్టెంట్‌ను పెట్టుకున్నా దారి ఇదే.

మొదటి అడుగు: బీరువా తెరవండి

ఎవరికైనా ఫోన్ చేసే ముందు సంఘం కాగితాలన్నీ చాప మీద పరవండి. రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, మినిట్స్ పుస్తకం, పాస్‌బుక్కులు, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, పాన్ కార్డు. సంఘం ఏ చట్టం కింద ఉందో ముందు తెలియాలి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు 1964 నాటి సహకార చట్టం కిందివి. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే నడుపుకొనే పొదుపు, పాల, విత్తన సంఘాలు చాలావరకు 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార చట్టం కిందివి. దీన్నే అందరూ మ్యాక్స్ చట్టం అంటారు. స్వచ్ఛంద సంస్థలు, యువజన సంఘాలు 2001 నాటి సొసైటీల చట్టం కింద ఉంటాయి. రైతు ఉత్పత్తిదారుల సంస్థల్లో కొన్ని మ్యాక్స్ చట్టం కింద, కొన్ని కంపెనీల చట్టం కింద నమోదయ్యాయి. 'మాది సంఘం' అని ఒక్క మాటలో చెబితే కన్సల్టెంట్ మొదటి రెండు రోజులు ఇది తెలుసుకోవడానికే ఖర్చవుతాయి, ఆ రెండు రోజుల ఫీజు మీరే కడతారు.

మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా అయిదు ముక్కలైంది. 2019లో ములుగు విడిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేరు మార్చుకున్నాయి. జనగామ జిల్లాలో ఉన్న సంఘం రిజిస్ట్రేషన్ పత్రంలో 'వరంగల్ జిల్లా' అని, పాన్ కార్డు చిరునామాలో ఇంకోటి, బ్యాంకు ఖాతాలో మరోటి ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. నిధులిచ్చే సంస్థ సరిగ్గా అక్కడే ఫైలు ఆపుతుంది. ఈ దిద్దుబాటుకు కన్సల్టెంట్ అక్కరలేదు. చిరునామా మార్పుకు మహాసభ తీర్మానం, ఒక దరఖాస్తు, రిజిస్ట్రార్ కార్యాలయానికి నాలుగైదు సార్లు తిరిగే ఓపిక కావాలి. అది ముందే చేసుకోండి.

రెండో అడుగు: కష్టాన్ని ఒక పేజీలో, తెలుగులో రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. సంఘం చెప్పే మొదటి కష్టం తరచుగా అసలు కష్టం కాదు.

ఒక మిర్చి రైతుల కంపెనీ ఉదాహరణ చెబుతాను. ఇక్కడ పండే చపాటా రకం మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక ఇక్కడి మిర్చి రైతుల సమావేశాల్లో బ్రాండు అన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఈ కంపెనీ డైరెక్టర్లు కూడా అదే అడిగారు. "మాకు మార్కెటింగ్ తెలియదు, ప్యాకింగ్, బ్రాండు చేసిపెట్టే కన్సల్టెంట్‌ను చూడండి." సరేనని సభ్యులను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేశాం: పోయిన ఏడాది మీ ఇంట్లో ఎన్ని బస్తాలు పండాయి, అందులో కంపెనీకి ఎన్ని ఇచ్చారు, మిగతావి ఎక్కడికి పోయాయి? చాలామంది ఇచ్చింది రెండు మూడు బస్తాలు. మిగతాదంతా వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు, అదీ ఒకే అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గరికి. ఎందుకు? నాటు వేసినప్పటి నుంచి మందులకు, ఎరువులకు, కాయ ఏరే కూలీలకు అప్పు ఇచ్చింది ఆయనే. పంట చేతికి రాకముందే ఎవరికి పోవాలో నిర్ణయమైపోయింది. డబ్బా మీద ఎంత అందమైన బొమ్మ వేసినా అందులో పోయడానికి కాయ ఉండదు.

అంటే వారికి కావలసింది పంట పెట్టుబడికి దారి చూపే మనిషి, బ్యాంకుతో మాట్లాడి కంపెనీ ద్వారా ఎరువులు, మందులు అప్పుగా ఇప్పించే ఏర్పాటు చేయగల మనిషి. బ్రాండు కన్సల్టెంట్‌ను తెచ్చి ఉంటే ఆయన తన పని నిజాయితీగా చేసి వెళ్లేవాడు, కంపెనీ మాత్రం అక్కడే ఉండేది.

కాబట్టి ఒక సాయంత్రం కూర్చొని ఒక పేజీ రాయండి. కష్టం ఏమిటి, ఎప్పటి నుంచి, ఎవరికి ఎక్కువగా తగులుతోంది, ఇప్పటివరకు మనం చేసి చూసినవి ఏమిటి, అవి ఎందుకు కుదరలేదు, ఏడాది తర్వాత ఏమి మారితే 'పని జరిగింది' అనుకుంటాం. చివరి ప్రశ్నకు లెక్కల్లో జవాబు ఉండాలి. 'సంఘం బలోపేతం కావాలి' అని రాస్తే కొట్టేయండి. 'ప్రతి నెలా 5వ తేదీలోపు గత నెల లెక్క మూసి, సమావేశంలో చదివి వినిపించాలి' అని రాస్తే అది పనికొచ్చే వాక్యం. రాసిన పేజీని సమావేశంలో గట్టిగా చదివి, మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా ఎక్కించండి. ఆ తీర్మానం లేకపోతే రేపు కన్సల్టెంట్ వచ్చినప్పుడు 'ఈయనను పిలిచింది ఎవరు?' అన్న ప్రశ్న తప్పదు.

మూడో అడుగు: ఉచితంగా దొరికేది చూడండి

కొన్ని పనులకు డబ్బు పెట్టడం శుద్ధ దండగ. పంట, పశువుల సాంకేతిక విషయాలకు మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. స్వయం సహాయక సంఘాల పుస్తకాల శిక్షణ, బ్యాంకు లింకేజీ (బ్యాంకు అప్పుల) విషయాలకు ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన సెర్ప్ వ్యవస్థ ఉంది; మండల సమాఖ్యలో దాని సిబ్బంది అయిన ఏపీఎంను (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్), సీసీని (కమ్యూనిటీ కోఆర్డినేటర్) ముందు అడగండి. 2020లో కేంద్రం ప్రారంభించిన 10,000 రైతు సంస్థల పథకం కింద ఏర్పడిన కంపెనీ అయితే, దానికి చేదోడుగా ఉండాల్సిన క్లస్టర్ సంస్థకు పథకమే డబ్బిస్తుంది. వ్యాపార ప్రణాళిక రాయడానికి మళ్లీ ఇంకొకరికి ఫీజు ఎందుకు? నాబార్డు జిల్లా అధికారిని కలిస్తే ఏ సంస్థకు ఏమి బాధ్యత ఉందో తెలుస్తుంది.

ఇంకో చౌక మార్గం బస్సు టికెట్టు. పాలకవర్గం నుంచి అయిదుగురిని, లెక్కలు రాసే వారిని తప్పకుండా కలుపుకొని, భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరుకు తీసుకెళ్లండి. 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, ఊరూరి మహిళల పాల సంఘాలు కలిసి కట్టుకున్న 'స్వకృషి' డెయిరీ అక్కడే ఉన్నాయి. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లికీ వెళ్లవచ్చు. ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకొని ఊరిని నడుపుకోవడం ఎలా ఉంటుందో చూడవచ్చు. అక్కడి భవనాల ముందు ఫొటోలు దిగడం తగ్గించి, 'డబ్బు కట్టని సభ్యుడిని మీరు ఏమి చేస్తారు?' అని అడగండి. అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది అదే అని నా అభిప్రాయం.

నాలుగో అడుగు: మనిషిని ఎంచుకోవడం

కన్సల్టెంట్ అనే మాట కింద రకరకాల వారున్నారు. ఆడిట్ చేసే చార్టర్డ్ అకౌంటెంట్ వేరు, లెక్కలు రాయడం నేర్పేవారు వేరు, ప్రాజెక్టు ప్రతిపాదనలు రాసేవారు వేరు, సంఘంలో గొడవలు సర్దుబాటు చేసి నాయకత్వ శిక్షణ ఇచ్చేవారు వేరు. 'అన్నీ చేస్తాను' అన్నవారి దగ్గర కాస్త జాగ్రత్త.

ముగ్గురి పేర్లు సేకరించండి, ఇద్దరిని పిలవండి. ఆఫీసులో కాదు, సంఘం సమావేశం జరిగే రోజు ఊరికే రమ్మనండి, దారిఖర్చు ఇవ్వండి. ఆయన లేదా ఆమె ఎవరితో మాట్లాడతారో గమనించండి. గంటసేపు అధ్యక్షురాలితో, సర్పంచ్‌తో మాట్లాడి, వెనుక వరసలో కూర్చున్న వారిని ఒక్క మాటా అడగకపోతే మీకు సగం జవాబు దొరికినట్లే. ములుగు, మహబూబాబాద్ వైపు తండాల్లో, కోయ గూడేల్లో పని అయితే ఆ భాష వచ్చినవారు వెంట ఉంటారా అని అడగండి. తెలుగులో తలలూపిన సమావేశం ఇంటికెళ్లాక లంబాడీలో వేరే నిర్ణయం తీసుకుంటుంది.

పాత పనుల గురించి అడిగేటప్పుడు అధ్యక్షుల ఫోన్ నంబర్లతో సరిపెట్టుకోవద్దు. మూడేళ్ల కింద పనిచేసిన సంఘంలో లెక్కలు రాసేవారి నంబరు అడగండి. ఫోన్ చేసి, 'ఆయన నేర్పిన పద్ధతిలోనే ఇప్పటికీ రాస్తున్నారా?' అని కనుక్కోండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

'ఫీజు వద్దు, గ్రాంటు వస్తే అందులో ఇంత శాతం ఇవ్వండి' అన్నవారికి దండం పెట్టి పంపేయండి. ఆ శాతం ఏ ఖర్చు పద్దు కింద చూపించాలో ఎవరూ చెప్పరు. దొంగ ఓచర్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

అయిదో అడుగు: ఒప్పందం

రెండు పేజీలు చాలు, తెలుగులో ఉంటే ఇంకా మంచిది. పని పరిధిని రోజుల్లోకి విడగొట్టి రాయండి. పుస్తకాలు సరిచేసే పని అనుకుందాం, మొత్తం 12 రోజులు. పాత పుస్తకాలు చూడడానికి 2 రోజులు, లెక్కలు రాసేవారి పక్కన కూర్చోవడానికి 6 రోజులు, పాలకవర్గంతో 1 రోజు, మహాసభలో 1 రోజు, మూడు నెలల తర్వాత తిరిగి రావడానికి 2 రోజులు. డబ్బు కిస్తీలుగా ఇవ్వండి. సంతకం రోజు 20 శాతం, పుస్తకాల్లో కనిపించినవి పాలకవర్గానికి తెలుగులో చెప్పాక 30 శాతం, లెక్కలు రాసేవారు ఎవరి సాయం లేకుండా ఒక నెల లెక్క మూసిన రోజు 30 శాతం, మూడు నెలల తర్వాతి పర్యటన అయ్యాక మిగతా 20 శాతం. అంతా బ్యాంకు ద్వారానే. ప్రయాణం, బస, భోజనం ఫీజులో కలిసి ఉన్నాయా, విడిగానా అన్నది రాయకపోతే ఆ చిన్న విషయమే పెద్ద మనస్పర్థ అవుతుంది.

పన్నుల సంగతి. 2025 ఏప్రిల్ నుంచి ఒకే వ్యక్తికి ఏడాదిలో ఇచ్చే ఫీజు 50,000 రూపాయలు దాటితే మూలంలోనే, అంటే ఫీజు చేతికిచ్చే ముందే, పన్ను (టీడీఎస్) కోయాలి. పని స్వభావాన్ని బట్టి అది 2 శాతమో 10 శాతమో అవుతుంది. మీ ఆడిటర్‌ను అడిగి ముందే ఒప్పందంలో రాయండి. దీనికి సంఘానికి ట్యాన్ నంబరు (ఇలా పన్ను కోసేవారికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నంబరు) ఉండాలి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటిన కన్సల్టెంట్ బిల్లుపై జీఎస్టీ వేస్తారు, సాధారణంగా 18 శాతం. లక్ష అనుకున్న పని 1,18,000 అయ్యాక సభ్యుల ముందు నిలబడడం కష్టం. ఆ అనుభవం నాకుంది.

ఇంకో రెండు వాక్యాలు చేర్చండి. ఈ పనిలో తయారయ్యే శిక్షణ పుస్తకాలు, పట్టికలు సంఘం వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఒకటి. సభ్యుల ఆధార్ నకళ్లు, ఫోన్ నంబర్ల జాబితా సంఘం గడప దాటకూడదని రెండోది.

ఆరో అడుగు: ఎప్పుడు రావాలి, ఎక్కడ కూర్చోవాలి

హైదరాబాద్‌లో ఉన్నవారి క్యాలెండర్ వేరు, మనది వేరు. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పగటి సమావేశం పెడితే కూలి పోగొట్టుకొని వచ్చేవారెవరు? బతుకమ్మ తొమ్మిది రోజులూ ఎవరూ దొరకరు. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చే మాఘమాసంలో ములుగు వైపు ఆలోచనే వద్దు. మే చివరి రెండు వారాలు, కలుపు పనులు అయ్యాక బతుకమ్మకు ముందు దొరికే కొద్ది రోజులు మంచివి. మహిళలతో అయితే వంటలయ్యాక, రాత్రి ఏడు దాటాకే. అంటే కన్సల్టెంట్ ఆ రాత్రి ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఉండాలి. చివరి బస్సు కోసం గడియారం చూసుకొనే మనిషితో ఈ పని సాగదు.

కుర్చీల విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. బయటి మనిషి రాగానే ఎవరో ఒకరు పరుగున వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు. ఆయన కుర్చీలో, వీళ్లు చాప మీద. ఇక మాటలన్నీ "మీరే చెప్పండి సార్" దగ్గర ఆగిపోతాయి. మాతో పనిచేసిన ఒకావిడ వచ్చీ రాగానే చాప మీద కూర్చొని, "అక్కా, పోయిన నెల మినిట్స్ ఒకసారి చదవండి, విందాం" అనేవారు. చదువుతుంటే వెనుక నుంచి ఎవరో "ఆ తీర్మానం మేము చేయలేదు" అంటారు. అసలు సమావేశం అప్పుడు మొదలవుతుంది. ఊరి పటం గీయాల్సి వస్తే ముగ్గు పిండి, ఇటుక పొడి, చింతగింజలు చాలు. ప్రొజెక్టర్ పెడితే దీపం ఆర్పాలి, దీపం ఆర్పితే ఎవరి ముఖమూ కనిపించదు.

ఏడో అడుగు: పని జరుగుతున్నప్పుడు

ఒకే నియమం పెట్టుకోండి: కలం సంఘం మనిషి చేతిలోనే ఉండాలి. కన్సల్టెంట్ పక్కన కూర్చొని చూపిస్తారు, తప్పు పడితే దిద్దిస్తారు. ఆయన రాసేస్తే పని మూడు రోజుల్లో అయిపోతుంది, అందంగానూ ఉంటుంది. ఆయన వెళ్లిన మరుసటి నెల నుంచి పేజీలు ఖాళీ.

ఒక పాల సంఘంలో లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, చురుకైన ఒక అమ్మాయికి నేర్పించాం. బాగా పట్టుకుంది. మరుసటి వేసవిలో పెళ్లి చేసుకొని హుజూరాబాద్ వెళ్లిపోయింది. సంఘం మళ్లీ కాగితం పుస్తకానికి వచ్చింది, మధ్యలో నాలుగు నెలల లెక్క ఎక్కడా దొరకలేదు. అప్పటి నుంచి ఏ పనైనా ఇద్దరికి నేర్పిస్తున్నాం. వారిలో ఒకరు ఊరు విడిచి వెళ్లే అవకాశం తక్కువ ఉన్న నడివయసు మనిషి అయితే మంచిది. నేర్చుకోవడం కాస్త ఆలస్యమైనా సరే.

స్వయం సహాయక సంఘాల్లో అందరికీ తెలిసిన పంచసూత్రాలు ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. కన్సల్టెంట్ కొత్త కొలమానాలు తెస్తే వాటిని ఈ అయిదింటికి ముడిపెట్టమనండి. సభ్యులకు ఇప్పటికే అర్థమైన భాష అది. సగం పని కాగానే సభ్యుల్లో ఏ అయిదుగురినైనా విడివిడిగా అడగండి: 'ఆయన ఎందుకు వస్తున్నారు?' ముగ్గురు ఒకే రకంగా చెప్పలేకపోతే పని ఆపి, రెండో అడుగులో రాసిన పేజీని మళ్లీ చదివించండి.

ఎనిమిదో అడుగు: చేదు నిజం బయటపడితే

లెక్కలు సరిగ్గా చూస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. చాలాసార్లు అది పెద్ద మనిషి ఇంటి బాకీ. అధ్యక్షురాలి తోటికోడలి పేరు మీద రెండేళ్లుగా కదలని అప్పు, లేదా చేతిలో ఉండాల్సిన నగదు పుస్తకంలో మాత్రమే ఉండడం. ఇలాంటిది కన్సల్టెంట్ ముందుగా ఎవరికి చెప్పాలో మొదటి రోజే తేల్చాలి. మా నియమం: పాలకవర్గం అందరికీ ఒకేసారి, ఎవరికీ ముందుగా చాటుగా కాదు. ఒకరికి ముందు చెబితే రాత్రికి రాత్రే ఓచర్లు పుట్టుకొస్తాయి. మహాసభలో పేర్లు చదవడానికి ముందు బాకీ ఉన్నవారికి 15 రోజుల గడువు ఇవ్వండి. మాకు తెలిసిన సందర్భాల్లో చాలామంది ఆ గడువులోనే ఎంతో కొంత కట్టారు. పరువు అన్నింటికంటే గట్టి హామీ.

ఆ పేర్లు చదవాల్సింది మాత్రం సంఘమే. బయటి మనిషి చేత చదివిస్తే కోపం ఆయన మీదికి పోతుంది, బాకీ అలాగే ఉంటుంది. నివేదికను మెత్తగా రాయమని కన్సల్టెంట్‌ను బతిమాలే పని మీ సంస్థ చేయకూడదు. నేను ఒకసారి చేశాను. ఆ సంఘం ఇప్పుడు లేదు.

తొమ్మిదో అడుగు: సాగనంపడం

శాలువా కప్పే ముందు ఒక జాబితా పట్టుకొని కూర్చోండి. సంఘం ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉన్నాయి? ఓటీపీ ఏ ఫోన్‌కు వస్తోంది? కంపెనీ అయితే డైరెక్టర్ల డిజిటల్ సంతకాల పరికరాలు ఎక్కడ? రైతు కంపెనీల్లో ఇవి తరచుగా కన్సల్టెంట్ సొరుగులోనే ఉంటాయి. డైరెక్టరుకు తెలియకుండానే ఆయన సంతకంతో కాగితాలు వెళ్లే వీలుందన్న మాట. మూడు నెలల తర్వాత కన్సల్టెంట్ ఫోన్ ఎత్తకపోతే వార్షిక పత్రాలు ఆగిపోతాయి. ఆర్థిక నివేదికలు, వార్షిక రిటర్ను ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున రుసుము పెరుగుతూ పోతుంది. అన్నీ వెనక్కి తీసుకొని, ఫోన్ నంబరు మార్పించి, అందినట్లు మినిట్స్‌లో రాయండి.

తుది నివేదిక తెలుగులో పది పేజీలు దాటకూడదని నా పట్టుదల. నిధులిచ్చే వారికి ఇంగ్లిషు ప్రతి కావాలంటే అది విడిగా. తెలుగు ప్రతిని మహాసభలో చదవాలి, ఎవరైనా అభ్యంతరం చెబితే దాన్ని కూడా అందులోనే చేర్చాలి.

మూడు నెలల తర్వాతి రెండు రోజులు మర్చిపోవద్దు. ఆ పర్యటన తేదీని కన్సల్టెంట్‌కు చెప్పండి, లెక్కలు రాసేవారికి చెప్పకండి. వచ్చిన రోజు ఉదయం నగదు పెట్టె తెరిచి లెక్కపెట్టండి, నగదు పుస్తకంలోని నిల్వతో సరిచూడండి, గత మూడు నెలల్లో ఎన్ని సమావేశాలు జరిగాయో మినిట్స్‌లో చూడండి. చివరి 20 శాతం చెక్కు ఆ సాయంత్రం రాయండి. చెక్కు నింపేది కూడా సంఘం మనిషే.